రోజుకి మూడు వందల మాటలు

కాగితం మీద నాలుగు గళ్లు ఉన్నాయి. ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. నాగలింగాచారి ఆ కాగితాన్ని రాయిని చూసినట్టు చూశాడు. అంటే ముందుగా తప్పుల కోసం వెతికాడు. ఒంగోలులో కర్నూలు రోడ్డు మీద ముప్పై ఏళ్లుగా శిలాఫలకాలు చెక్కుతున్నవాడికి ఆ అలవాటు పోదు. ఆరో తరగతిలో బడి మానేశాడు గానీ, ఎమ్మేలు చదివినవాళ్లు రాసి తెచ్చే కాగితాల్లో ఒత్తులు దిద్దేది అతనే. రాయి మీద తప్పు పడితే తుడవడానికి ఉండదు. ఆ సంగతి చదువుకున్నవాళ్లకి తెలియదనీ, తెలియకపోయినా కుర్చీలు వాళ్లకే ఇస్తారనీ అతని అభిప్రాయం.

ఉమ్మడి వసతి. విభాగ వసతి. అంకిత వసతి. మేఘ వసతి.

పక్క కుర్చీలో అతని భార్య కామాక్షి తలమీద తీగల టోపీతో కూర్చుని ఉంది. ఆమె తలలో ఎడమవైపు, మాటలు పుట్టేచోట, ఒక గడ్డ పెరుగుతోంది. గడ్డ తీసేస్తే మనిషి బతుకుతుంది, మాట పోతుంది. గుంటూరు శివార్లలోని ఈ పరిశోధనశాల వాళ్లు దానికో దారి కనిపెట్టారు. నలభై రోజులుగా ఆమెను కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారు. ఒక్కో మాటనీ, అది తలలో ఏ జ్ఞాపకానికి ముడిపడి ఉందో ఆ దారంతో సహా, ఎత్తి దాచుతున్నారు. ఆ మాటలన్నిటికీ కలిపి ఒక వెబ్‌సైటు ఉంటుంది. ఆపరేషను అయ్యాక చెవి వెనక చింతగింజంత పరికరం పెడతారు. ఆమె ఏదో అనాలనుకోగానే ఆ గింజ సైటును అడుగుతుంది, మాట తిరిగి వస్తుంది, నోరు పలుకుతుంది. రెప్పపాటు కూడా పట్టదట.

ఇప్పుడు తేల్చాల్సింది ఆ సైటును ఎక్కడ ఉంచాలన్నది.

డాక్టర్ తబస్సుమ్ ఓపిగ్గా చెప్పింది. ఉమ్మడి అంటే ఒకే యంత్రంలో పన్నెండు మంది, వాటాల ఇంట్లో కాపురం లాగా. విభాగం అంటే అదే ఇంట్లో మధ్యన గోడలు. అంకితం అంటే ఆ యంత్రం మొత్తం ఒక్క మనిషికే. మేఘం అంటే ఒక ఇల్లని కాదు, ఊళ్లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సర్దుతారు. ఖర్చు గురించి ఆలోచించొద్దంది. అంతా ప్రాజెక్టే భరిస్తుంది. మనిషిని బట్టి ఎంచుకోవాలంతే.

"కొట్టు పేరుకో సైటు పెట్టుకున్నవాళ్లకి ఉమ్మడి సరిపోతుందండీ. రోజంతా జనం వచ్చిపోయే సైటుకి సొంత యంత్రం కావాలి. ఇదీ అంతే. ఆవిడ ఎంత మాట్లాడతారన్నదే ముఖ్యం. ఎక్కువ మాట్లాడే మనిషైతే అంకితం తీసుకోండి."

మేఘాన్ని లింగాచారి అక్కడికక్కడే కొట్టేశాడు. మబ్బులో పెట్టింది ఎవరింటి మీద కురుస్తుందో ఎవడికి తెలుసు. విభాగం అంటే అన్నదమ్ములు ఆస్తి పంచుకోవడం గుర్తొచ్చింది, అదీ వద్దనుకున్నాడు. ఇక అంకితం. ఆ మాటను అతను తన చేత్తో కొన్ని వందల సార్లు నల్లరాయి మీద చెక్కాడు. కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం, వారి కుమారులచే అంకితం. పైన పుట్టిన తేదీ, పోయిన తేదీ. బతికున్న మనిషి పేరు పక్కన ఆ మాట ఒక్కసారి కూడా చెక్కలేదు. చదువుకున్నవాళ్లెవరో ఇంగ్లీషు ముక్కను తెలుగు చేసి చేతులు దులుపుకున్నారు. ఆ గడిని బొటనవేలితో కప్పేశాడు.

ఉమ్మడి మంచి మాట. అతను పుట్టింది ఉమ్మడి ఇంట్లో. టిక్కు పెట్టాడు.

కింద ఇంకో ప్రశ్న ఉంది. రోజుకి సగటున ఎన్ని మాటలు? అక్షరాలు లెక్కపెట్టడం అతని వృత్తి. పొద్దున కాఫీ దగ్గర ఓ ముప్పై, అన్నం దగ్గర నలభై, సాయంత్రం ఇంకొన్ని. ఎంత ధారాళంగా వేసినా మూడొందలు దాటలేదు.

"మా ఆడది పెద్దగా మాట్లాడదు లేమ్మా," అని డాక్టరుతో చెప్పాడు.

కామాక్షి ఆ పక్కనే ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు.

ఆపరేషను బాగా జరిగింది. కళ్లు తెరిచిన మూడో రోజు కామాక్షి మొగుడి వంక చూసి, "గడ్డం గీసుకోలేదే," అంది. లింగాచారి ఆసుపత్రి వరండాలోకి వెళ్లి, గోడ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు. ఇంటికొచ్చాక మూడు నెలలు ఏ లోటూ లేదు. కాఫీ ఇచ్చేది, కూర ఏం చెయ్యమంటారని అడిగేది, ఏదంటే దానికి సరేననేది. చెవి వెనక చింతగింజను జుట్టు కప్పేస్తే, ఏమీ జరగని మనిషిలాగే ఉండేది.

నాలుగో నెలలో మాటలు నత్తనడక పట్టాయి. ఉప్పు అందించమని చెప్పబోయి ఆగేది. చూపుడు వేలు పైకెత్తి ఆగమన్నట్టు పెట్టేది. కాసేపటికి "ఉప్పు" వచ్చేది. పరిశోధనశాలకి ఫోను చేస్తే, పండగ రోజులు కదా, ఆ యంత్రంలో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటారు, సర్దుకుంటుందన్నారు. వాటాల ఇంట్లో పొద్దున్నే కుళాయి దగ్గర వరస ఉంటుంది కదా అని లింగాచారి కూడా సరిపెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ కూర బాగుందన్నాడు. ఎప్పుడో గాని అనని మాట అది. కామాక్షి చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "ఏటి, ఇయాల ఇంత పేమ?" అంది.

అతను ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు. ఏటి ఏంటని అడిగాడు. ఆమె తెల్లబోయింది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకీ తెలియదు. సింగరాయకొండలో పుట్టి ఒంగోలులో కాపురం చేసిన మనిషి, విశాఖపట్నం కూడా చూసి ఎరగదు.

వారం తిరగకుండా అన్నం బువ్వ అయింది, పిల్లాడు గుంటడయ్యాడు. అంతవరకు నవ్వుకోవచ్చు. కానీ ఒక రోజు తలుపు దగ్గర నిలబడి రోడ్డు వంక చూస్తూ, ఎంతో ఆరాటంగా, "పైడిరాజు బువ్వ తిన్నాడో లేదో," అంది.

ఆ పేరుగల మనిషి వాళ్ల బంధువుల్లో లేడు. వీధిలో లేడు. లింగాచారి ఆ రోజంతా షెడ్డులో ఉలి పట్టుకుని కూర్చున్నాడు, ఒక్క అక్షరం చెక్కలేదు. ఇరవయ్యారేళ్ల కాపురంలో తన తిండి గురించి ఆ గొంతుతో అడగ్గా వినలేదు. మర్నాడు పొద్దున ఎవడు ఆ పైడిరాజు అని నిలదీశాడు. కామాక్షి ఏడుస్తూ, తెలియదంది. ఆ మనిషి మొహం కూడా తన తలలో లేదనీ, పేరు మాత్రం ఆకలి వేసినట్టు వేస్తోందనీ చెప్పింది. అతను నమ్మలేదు. పళ్లెం విసిరేశాడు. గోడకి తగిలి దానికి సొట్ట పడింది.

ఆ సాయంత్రం, పళ్లెం విసిరినందుకు సిగ్గుపడే రకం కాదు గనక, బావమరిది ఇంట్లో గృహప్రవేశానికి పోదాం తయారవమని చెప్పాడు. మామూలుగా అయితే ఆమె పెట్టె తెరిచి చీర తీసుకోవాలి. ఈసారి మంచం మీద కూర్చునే, అతని కళ్లలోకి చూసి, నెమ్మదిగా అంది.

"నానొల్ల."

అతను అర్థం కాక మళ్లీ చెప్పాడు. ఆమె కూడా మళ్లీ చెప్పింది. "నానొల్ల. నువ్వెల్లు."

అతను ఒక్కడే వెళ్లాడు. దారంతా ఆ మాట చెవిలో గులకరాయిలా దొర్లింది. వద్దు అనే మాట ఆమె దగ్గర లేక కాదు. ఎండలో తిరగొద్దనేది, అంత కారం వద్దనేది. అవన్నీ అతని కోసం. ఇది వేరు. దీంట్లో నేను అనేది ఉంది.

ఆ తర్వాత అది రోజువారీ మాట అయింది. జాకెట్టు గుడ్డ తెస్తే ఆ రంగు ఒల్లనంది. టీవీలో అతను చూసే పోట్లాటల ఛానెల్ ఒల్లనంది. పొద్దున నాలుగింటికి లేవడం ఒల్లనంది. అన్న ప్రతిసారీ ఆమె మొహంలో, కొత్త చెప్పులు తొడుక్కుని నాలుగడుగులు వేసి చూసుకునే మనిషి సంబరం కనపడేది. అదే లింగాచారిని ఎక్కువ కాల్చింది. భార్య ఇంట్లోనే ఉంది, భార్య నోట్లో ఇంకెవతో కూర్చుంది. ఆ ఇంకెవతెనో బయటికి గెంటి తన కామాక్షిని తను తెచ్చుకోవాలి. అంతకు మించి అతనికి ఇంకో కోరిక లేకుండా పోయింది.

కామాక్షిని వెంటబెట్టుకుని పరిశోధనశాలకి వెళ్లి, ఆమెను పరీక్షల గదిలో కూర్చోబెట్టి వచ్చేసరికి డాక్టర్ తబస్సుమ్ గదిలో బక్కపలచటి మనిషి ఒకడు గోనెనార వాసనతో కూర్చుని ఉన్నాడు. బొబ్బిలి దగ్గర జూట్ మిల్లులో పని. పేరు పైడిరాజు.

లింగాచారి పిడికిలి బిగుసుకుంది. అవతలివాడు మాత్రం అతన్ని ఎగాదిగా చూసి, లింగం అంటే నువ్వేనా అని అడిగాడు.

"నా ఆడది సన్నెమ్మ రెణ్నెల్ల నుంచీ లింగం మావా లేచేడా, లింగం మావకి కాపీ ఇచ్చేనా అని కలవరిస్తంది. నాను మిల్లులో ఉన్న లింగాలందర్నీ వరసపెట్టి కొట్టొచ్చేను అన్నియ్యా. ముగ్గురున్నారు. ముగ్గురూ మంచోళ్లే."

లింగాచారికి నవ్వొచ్చింది. చాన్నాళ్ల తర్వాత వచ్చింది. నేను పళ్లెం విసిరానన్నాడు. నాను కుండ పగలగొట్టేనన్నాడు పైడిరాజు. ఇద్దరూ ఒక నిమిషం పాటు, ఒకే మేస్త్రీ చేతిలో మోసపోయిన ఇంటి యజమానుల్లా, ఒకరి మీద ఒకరికి జాలితో కూర్చున్నారు.

తర్వాత డాక్టరమ్మ తెర తిప్పి చూపించింది. ఆమె గొంతులో తప్పు చేసిన బెరుకు ఉంది. తమ యంత్రంలో వాటాకీ వాటాకీ మధ్య అడ్డు అనుకున్నంత గట్టిగా లేదని ఒప్పుకుంది. అయితే అది తెగింది ఒక చోటే. కామాక్షికి రోజుకి మూడు వందల మాటలకి సరిపడా జాగా రాసిచ్చారు. ఆమె వాడుతున్నది ఆరు వేలు.

"అబద్ధం," అన్నాడు లింగాచారి.

డాక్టరమ్మ గంటల వారీ గీత చూపించింది. పొద్దున తొమ్మిది దాకా గీత నేలబారుగా ఉంది. తొమ్మిదికి కొండలా లేచింది. సాయంత్రం ఆరున్నరకి మళ్లీ నేల మీద పడింది. ఆదివారాలు పొద్దుగూకులూ నేలబారే. తొమ్మిదికి అతను బండి తీసి షెడ్డుకి పోతాడు. ఆరున్నరకి వస్తాడు. ఆదివారం ఇంట్లోనే ఉంటాడు.

అప్పటికప్పుడు బయటికొచ్చి పక్కింటి మేరీరత్నానికి ఫోను చేశాడు. మా ఆవిడ నీతో మాట్లాడుద్దా అని అడిగాడు.

"మాట్లాడకేం అన్నా. నీ బండి సందు తిరగటం ఆలీసం, గోడ కాడికి వచ్చిద్ది. చిన్నప్పటి కతలు, వాళ్లమ్మ కతలు, పోయిన బిడ్డ కతలు. నవ్విద్ది, ఏడ్చిద్ది, పాడిద్ది కూడా. నీకు తెలవదా ఏంది?"

లోపలికి వచ్చి కూర్చున్నాడు. పుట్టి పదకొండు రోజులకి పోయిన ఆ బిడ్డ గురించి కామాక్షి అతనితో ఎన్నడూ ఒక్క మాట అనలేదు. మర్చిపోయిందనుకున్నాడు.

మిగతాది డాక్టరమ్మ చెప్పింది. రోజూ పొద్దున ముందుగా వాడే మూడొందలే ఆ జాగాలో నిలిచాయి, మించిన మాటలు చోటు చాలక పక్క వాటాలోకి పొర్లాయి. ఆ పక్క వాటా సన్నెమ్మది. ఆమె ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది. తీసి దాచేనాటికే సగం మాటలు పోయాయి, అందుకని ఆమె వాటాలో బోలెడు ఖాళీ. అక్కడ ఇద్దరివీ కలిసిపోయాయి. ఇట్లాగే ఉంచితే ఏడాదికి ఎవరి మాట ఎవరిదో వాళ్లకే తెలియదు. విడదీసి కామాక్షికి సొంత యంత్రం ఇవ్వొచ్చు. కానీ యంత్రానికి హద్దులే తెలుసు, మనుషులు తెలియరు. కామాక్షి పేరున రాసిచ్చిన జాగాలో ఉన్నవే ఆమెతో వస్తాయి. పొర్లినవి అవతలే ఉండిపోతాయి. వాటి దారం రెండో కొన కామాక్షి తలలో ఉంది కాబట్టి, దారం తెగగానే అవి సన్నెమ్మకీ పనికిరావు. ఇద్దరూ నష్టపోతారు.

పైడిరాజు లేచి లింగాచారి దగ్గరికొచ్చాడు. ఒక్క ఏడాది ఉండనీమన్నాడు. తన పెళ్లాం తనతో ఇన్ని మాటలాడి ఎన్నేళ్లయిందో చెప్పలేనన్నాడు. సగం మాటలు లింగం మావ గురించే అయినా ఫరవాలేదన్నాడు.

లింగాచారి కామాక్షిని పిలిపించి, సొంత యంత్రానికి మారుద్దామంటున్నారు, ఏమంటావని అడిగాడు. ఇంతకు ముందు కాగితం మీద అడగలేదు కాబట్టి, ఈసారి అడిగి తన మంచితనం తనే మెచ్చుకున్నాడు కూడా.

కామాక్షి డాక్టరమ్మను చూసింది, పైడిరాజును చూసింది, చివరికి మొగుణ్ని చూసింది.

"నానొల్ల," అంది.

డాక్టరమ్మ తెర మీద ఏదో నొక్కి, తల దించుకుని చెప్పింది. రూలు ప్రకారం ఉమ్మడి యంత్రంలో ఉన్న మనిషి నోటి సమ్మతి చెల్లదు, ఆ మాట ఎవరిదో తేలదు గనక. ఈ మాట ఎవరిదో మాత్రం తేలింది. అది సన్నెమ్మ వాటాలో మొదటినుంచీ ఉన్న మాట. కామాక్షి నలభై రోజులు మాట్లాడిన మాటల్లో, దానికి సాటి వచ్చేది తమకి ఒక్కటీ దొరకలేదు.

"కాబట్టి సంతకం మీరే పెట్టాలి. తొందరేం లేదు. ఇంటికెళ్లి ఆలోచించుకోండి."

లింగాచారి ఆలోచించలేదు. ఆ క్షణంలో అతనికి కలిగింది బాధ కాదు, ఊరట. ఒల్లనన్నది తన భార్య కాదు. ఇన్నాళ్లూ అన్నది తన భార్య కాదు. ఎవరో బొబ్బిలి ఆడది. గంటల వారీ గీత, గోడ దగ్గర కబుర్లు, పదకొండు రోజుల బిడ్డ, ఇవన్నీ తలలో ఒక మూలకి తోసేసి పెన్ను అడిగాడు. ఈసారి అంకితం గడిలోనే టిక్కు పెట్టాడు.

పైడిరాజు సంచీ తీసుకుని బయటికి నడిచాడు. కామాక్షి అతని వెనకే గుమ్మం దాకా వెళ్లి, బువ్వ తినెల్లమంది. అతను వెనక్కి తిరగలేదు.

కొత్త యంత్రంలోకి మారిన కామాక్షి ఇంటికొచ్చింది. మాట తడబాటు లేదు, యాస లేదు. కాఫీ ఇచ్చింది. కూర ఏం చెయ్యమంటారంది. పొద్దున నాలుగింటికి లేచింది. లింగాచారి రెండు రోజులు హాయిగా నిద్రపోయాడు.

మూడో రోజు మేరీరత్నం గోడ దగ్గరికి వచ్చి పిలిచింది. కామాక్షి వెళ్లింది. లింగాచారి షెడ్డుకి పోకుండా కిటికీ పక్కన నిలబడ్డాడు. మేరీరత్నం ఏదో చెప్పింది, కామాక్షి నవ్వింది. మేరీరత్నం ఇంకేదో అడిగింది. కామాక్షి నోరు తెరిచింది. చూపుడు వేలు పైకెత్తింది. ఆ వేలు అలాగే ఉంది. మేరీరత్నం ఓపిగ్గా నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగే వాసన వచ్చింది, మేరీరత్నం లోపలికి పరిగెత్తింది, వేలు ఇంకా గాలిలోనే ఉంది. తర్వాత కామాక్షి దాన్ని మడిచి, రెండో చేత్తో పట్టుకుని, ఇంట్లోకి వచ్చేసింది. కొన్నాళ్లకి మేరీరత్నం పిలవడం మానేసింది.

ఆమె దగ్గర మిగిలినవి అతని ముందు వాడిన మాటలే. రోజుకి మూడొందలు. సరిగ్గా అతను రాసిచ్చినన్ని.

అప్పటినుంచి అతను ఆమెను పరీక్షించడం మొదలుపెట్టాడు. ఆమెకి బొత్తిగా గిట్టని కాకరకాయ నాలుగు పూటలు తెచ్చాడు. సరే అంది. ఇల్లమ్మేసి షెడ్డులో ఉందామన్నాడు. సరే అంది. మీ అమ్మ ఫొటో తీసేస్తానన్నాడు. ఆమె కళ్లలో నీళ్లు నిండాయి, నోరు మాత్రం సరే అంది. చివరికి ఒక మధ్యాహ్నం ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని బతిమాలాడు.

"నేనొల్ల అనవే. ఒక్కసారి అను. నన్ను తిట్టు పోనీ."

"సరే," అంది కామాక్షి.

అతను డాక్టరమ్మకి ఫోను చేశాడు. తెగిన దారాలు చెరిగిపోలేదని ఆమె చెప్పింది, సన్నెమ్మ వాటాలో అవి ఇంకా పడి ఉన్నాయి. ఇద్దరినీ మళ్లీ ఒకే యంత్రంలో పెడితే ముడిపడొచ్చు. కానీ ఆ గొడవ తర్వాత సన్నెమ్మకీ సొంత యంత్రం ఇచ్చేశారు, ఇప్పుడు ఎవరి యంత్రం వాళ్లది, ఎవరి మాట వాళ్లది. కాబట్టి ఇద్దరు ఆడవాళ్లూ తమ నోటితో ఒప్పుకోవాలి. ఈసారి మొగుళ్ల సంతకాలు చెల్లవు.

కామాక్షిని అడిగాడు. సరే అంది. ఆ సరేకి విలువెంతో అతనికి తెలుసు, అయినా దాన్నే పట్టుకుని బొబ్బిలికి ఫోను కలిపాడు. స్పీకరు పెట్టి ఇద్దరి మధ్యా మంచం మీద ఉంచాడు.

పైడిరాజు గొంతు అలసిపోయి ఉంది. లింగాచారి చెప్పిందంతా విన్నాడు. తప్పు నాది అన్న మాట కూడా విన్నాడు. అది లింగాచారి నోట్లోంచి వచ్చినందుకు కామాక్షి తలెత్తి చూసింది.

"నాకు సమ్మతమే అన్నియ్యా. నాకిల్లు మూగబోయింది. అయితే ఒక సంగతి. నీ ఇంటావిడ మాటలు దీని నోట్లో ఉన్నన్నాళ్లూ, నాను మిల్లుకి ఎల్లేక ఇది గోడకి ఆనుకుని ఏడిసీదంట. ఎవులో పసిగుడ్డు పోయిందని ఏడిసీది. మాకు పోయిన గుడ్డు లేదు. నాకు తెల్దు, మొన్న పక్కోళ్లు సెప్పేరు. అందికే నాను సెప్పను. దాన్నే అడుగు. ఇదిగో ఇస్తన్నాను."

ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించింది. లింగాచారి ఎప్పుడూ చూడని ఆ మనిషిని అమ్మా అని పిలిచాడు. నా భార్య మళ్లీ నీతో కలిసి ఉంటానంటోంది తల్లీ, నీకు ఇష్టమేనా అని అడిగాడు.

అవతల ఊపిరి వినిపిస్తోంది. ఆమె దగ్గర ఉన్నవి కొద్ది మాటలు. వాటిలో వెతుక్కుంటోంది. చాలాసేపే పట్టింది.

"నానొల్ల," అంది సన్నెమ్మ.

లింగాచారి ఫోను మీదికి ఇంకా వంగే ఉన్నాడు. కామాక్షి చెయ్యి చాచి, ఆ ఫోనును తన వైపు లాక్కుంది. ఆ మాట వచ్చిన చోటుని, చిన్న రంధ్రాల వరసని, వేలి కొసతో తాకింది.

"సరే," అంది.